ఉప్పు కడిగిన నీళ్లు

పోయిన వారం సంచికలో ప్రమోదినిని మనం ఒక ఖాళీ గీత ముందు కూర్చోబెట్టి వచ్చాం. ఆ గీత మీద ఆమె సంతకం పడాలి.

శుక్రవారం సాయంత్రం, కరీంనగర్‌లోని పోషకాహార పరిశోధన కేంద్రం, డైరెక్టర్ దామోదర్‌రావు గారి గది. బల్ల మీద డెబ్బై పేజీల నివేదిక. ఖానాపూర్ చుట్టుపక్కల ఏడు ఊళ్లకు మూడేళ్ల పాటు అయోడిన్ కలిపిన ఉప్పు పంచి, గొంతుగడ్డలు తగ్గాయా లేదా అని చూసిన పని అది. ప్రశ్నల ఫారం తయారుచేసింది ప్రమోదిని. ఊళ్లు తిరిగింది ప్రమోదిని. 1984లో మొదలుపెట్టినప్పుడు నూటికి ముప్ఫై ఒక్కమంది పిల్లలకు గొంతు ఉబ్బి ఉంది. మూడేళ్లు మందు ఉప్పు తిన్నాక నూటికి ముప్ఫై. ఆ తగ్గిన ఒక్కతీ పెళ్లయి అత్తగారి ఊరికి పోయి ఉంటుందని ఆఫీసులో నవ్వుకున్నారు. ప్రమోదినికి నవ్వు రాలేదు.

ఎందుకు తగ్గలేదో చివరి పేజీలో దామోదర్‌రావు గారు స్వయంగా ఒక వాక్యం రాశారు. "పంచిన ఉప్పును గ్రామస్తులు తినకుండా పశువులకు పెట్టినందున, బయట అమ్ముకున్నందున ఆశించిన ఫలితం రాలేదు. ఈ ప్రాంతంలో పంపిణీ కొనసాగించడం వృథా."

మంగళవారం హైదరాబాద్‌లో కమిటీ కూర్చుంటుంది. ఆ వాక్యం నిలిస్తే జనవరి నుంచి ఆ ఏడు ఊళ్లకు ఆ ఉప్పు రాదు.

"ఇది నిజం కాదు సార్" అంది ప్రమోదిని.

"అయితే నిజమేందో చెప్పు. అదే రాద్దాం" అన్నారాయన, చాలా మర్యాదగా.

అది కనుక్కోవడానికి ఆమె సోమవారం పదకొండు గంటల దాకా గడువు అడిగి, ఫైలు చంకన పెట్టుకుని బయటికి వచ్చింది. వరండాలో అటెండర్ కైలాసం రెండు తెల్లకాగితాలు ముందు పెట్టాడు.

"మేడం, మీ ఖాళీ సంతకాలు అయిపోయినయి. జర రెండు పెట్టిపోండ్రి."

ఆ ఆఫీసులో అదొక పద్ధతి. ఊళ్ల మీద తిరిగేవాళ్లు కింద సంతకం పెట్టిన తెల్లకాగితాలు రెండు మూడు ఉంచిపోతారు. నెల నివేదికకో, జీపు డీజిలుకో పైన టైపు చేసి పంపేస్తారు. పదేళ్లుగా పెడుతున్న సంతకం. ప్రమోదిని కాగితాలు గోడకు ఆనించి, నిలబడే రెండు సంతకాలూ పెట్టి ఇచ్చేసింది.

* * *

ఆ రాత్రి నిద్ర పట్టీ పట్టకుండా గడిచింది. తెల్లవారి చాయ్ కోసం వంటింట్లోకి పోయేసరికి అత్తగారు జానకీబాయి వెనక గడప అవతల, నీళ్ల గాబు దగ్గర పీట వేసుకుని కూర్చుని ఉంది. ముందు ఇత్తడి తాంబాళం. రెండు చేతులతో ఏదో కడుగుతోంది.

"ఏం బియ్యం అత్తమ్మా? గంత గరగరమంటున్నయి."

జానకీబాయి తలెత్తి కోడలిని కింది నుంచి పై దాకా ఒకసారి చూసింది.

"కండ్లద్దాలు పెట్టుకొని రాపో. బియ్యం కాదు, ఉప్పు."

"ఉప్పు కడుగుతున్నరా?"

"కడుగక? నువ్వు తెచ్చిందే. వరండల మూలకు నెల సంది సంచి పడున్నది. వచ్చిపోయేటోళ్ల కాళ్లు తాకుతున్నయి. ఉప్పంటె లక్ష్మి. చూడలేక తీసిన."

అది ఖానాపూర్ డిపో నుంచి పరీక్షకని తెచ్చిన రెండు కిలోల నమూనా. పరీక్ష అయిపోయాక ఆఫీసులో చోటు లేక ఇంటికి తెచ్చి పడేసింది. జానకీబాయి తాంబాళం వంచింది. బూడిదరంగు నీళ్లు మోరీలోకి పోయాయి. మిగిలిన ఉప్పుగల్లులను వెదురు గుల్లలోకి ఎత్తి, నీళ్లు కారిపోవడానికి గోడవారగా వాల్చింది. చేతులకు ఆ పని ఎంత అలవాటో చూస్తే తెలుస్తోంది.

"ఎప్పుడూ ఇట్లనే కడుగుతరా అత్తమ్మా?"

"ఎప్పుడంటె? నేనీ ఇంటికి వచ్చిన కాడి నుంచి. మా అవ్వ కడిగింది, మా అత్త కడిగింది. ఉప్పు కళ్లాల్ల కాళ్లతోని తొక్కుతరట. అక్కడి నుంచి గూడ్సు బండిల వస్తది. గోనెల మీద హమాలీలు పండుకుంటరు. గట్లనే తెచ్చి పప్పుల ఏసుకుంటమా? రెండు నీళ్లు కడిగి, వార్చి, ఎండబెట్టి జాడీల పోస్తం. నీ ఉప్పుకయితె మూడు నీళ్లు పట్టినయి. ఏందో దవఖాన వాసన."

"ఊళ్లల్ల కూడ కడుగుతరా?"

"ఊళ్లల్ల ఇంకింత ఎక్కువ. వాండ్లకొచ్చే ఉప్పు ఇంకింత మురికిది గద."

ప్రమోదిని చాయ్ మాట మరిచిపోయింది. గదిలోకి పోయి సర్వే సంచిలోంచి చిన్న సీసా తెచ్చింది. ఉప్పులో మందు ఉందో లేదో చూసే నీళ్లు అవి. ఒక్క చుక్క వేస్తే, మందుంటే ఉప్పు నీలమవుతుంది. ఉప్పు సంచి అడుగున మిగిలిన కడగని గల్లులు నాలుగు చేతిలోకి తీసుకుని చుక్క వేసింది. సిరా ఒలికినట్టు నీలం. గుల్లలోంచి కడిగిన గల్లులు నాలుగు తీసుకుని వేసింది. తెల్లగానే ఉన్నాయి. ఇంకో చోటు నుంచి తీసి వేసింది. తెలుపు. అడుగు నుంచి తీసి వేసింది. తెలుపే.

ఉప్పుగల్లు మీద మందు చల్లుతారు. అది పైపైనే ఉంటుంది, లోపలికి దిగదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. పాఠం చెప్పమంటే గంటసేపు చెప్పగలదు.

"ఏందది, మంత్రమా?" అంది జానకీబాయి.

"కాదత్తమ్మా. మూడేండ్ల నా పని అంత ఆ మోరీల పోయింది."

జానకీబాయికి అర్థమయ్యేలా చెప్పడానికి పావుగంట పట్టింది. అంతా విని ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఈ ఇంట్ల పద్నాలుగేండ్ల సంది తింటున్నవు. జాడీల ఉప్పు ఎవరు పోస్తున్నరు, ఎట్ల పోస్తున్నరు అని ఒక్కనాడు అడిగినవా? వంటింట్ల అడుగు పెట్టకుంట తిండి మీద పుస్తకాలు రాస్తివి. నన్నడిగితె గడపల నిలబడి చెప్పకపోదునా?"

దెప్పిపొడుపు జానకీబాయికి కొత్త కాదు. పడడం ప్రమోదినికీ కొత్త కాదు. కానీ ఇన్నేళ్లలో మొదటిసారి ఆ మాట నిజమని ఒప్పుకుని, ఆమె సీసాను సర్వే సంచిలో పెట్టుకుని బయల్దేరింది.

* * *

నిర్మల్ వైపు ఎనిమిదింటి బస్సు దొరికింది. జగిత్యాల, మెట్‌పల్లి దాటి ఆర్మూర్ చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని ప్రమోదిని తన ఫారాన్ని తానే మనసులో అప్పజెప్పుకుంది. నలభై రెండు ప్రశ్నలు. ఇంట్లో ఎంతమంది, ఎన్ని కిలోల ఉప్పు, ఎక్కడ తెస్తారు. పదిహేడో ప్రశ్న: ఏ ఉప్పు వాడుతున్నారు? ఏడు ఊళ్ల ఆడవాళ్లూ ఒకటే జవాబు: మీరిచ్చిందే. అందులో అబద్ధం లేదు. డిపోలో గోనె విప్పి చుక్క వేస్తే నీలం. ఇళ్లలో పిల్లల గొంతులు తడిమితే గడ్డ. గోనెకూ గొంతుకూ మధ్య ఒక వంటిల్లు ఉందని నలభై రెండు ప్రశ్నల్లో ఎక్కడా లేదు.

సోన్ వంతెన మీద గోదారి సన్నగా, మధ్యలో ఇసుక మేటలతో కనిపించింది. నిర్మల్‌లో దిగి ఖానాపూర్ బస్సు పట్టుకుని, అక్కడి నుంచి ఆ ఏడు ఊళ్లలో ఒకటైన చంద్రవ్వ ఊరికి కిరాయి ఎడ్లబండి మీద చేరేసరికి పొద్దు వాలుతోంది. దారి పొడుగునా ఆమె కోపం పక్వానికి వస్తూనే ఉంది. తన మీద రావలసిన కోపం అది. మనిషన్నాక దాన్ని మొదట ఇంకొకరి మీద పెట్టి చూస్తుంది.

చంద్రవ్వ వాకిట్లో మక్కకంకులు ఒలుస్తోంది. యాభై దాటిన మనిషి. సర్వేకు వచ్చిన ప్రతిసారీ ముందు నడిచి, ఇంటింటికీ దారి చూపించి, మొహమాటపడే ఆడవాళ్లతో మాట్లాడించింది ఆమె. తన గొంతు మీద నిమ్మకాయంత గడ్డను ఎప్పుడూ కొంగుతో కప్పుకునే ఉంటుంది.

"అయ్యో, ఒక్కదానివే వచ్చినవా అమ్మా? జీపేది? గీ పొద్దుగూకంగ ఏం ముంచుకొచ్చింది? బాలలక్ష్మీ, అమ్మకు నీళ్లు తే."

ప్రమోదిని కూర్చోలేదు.

"చంద్రవ్వా, ఉప్పు తేంగనే ఏం చేస్తవు?"

"ఏం చేస్త? కడిగి ఎండబోస్త."

"మేమిచ్చిన ఉప్పు కూడానా?"

"మీదయితె ఇంక మంచిగ కడుగుత. మందు వాసన ఉంటది గద."

"మూడేండ్ల సంది నీ వాకిట్లకు వస్తున్న. నీ చేతి గట్క తిన్న. ఒక్కనాడన్న నాతోని చెప్పాలె గద!" ప్రమోదిని గొంతు ఆమెకే తెలియకుండా పెరిగింది.

చంద్రవ్వ చేతిలో కంకి ఆగింది.

"చెప్పిన గదమ్మా."

"ఎప్పుడు చెప్పినవు?"

"మొదటేడే. రాళ్లవాన పడ్డనాడు. మనిద్దరం కొండల్ ఇంటి చూరు కింద నిలబడ్డం. ఆని పెండ్లాము వాకిట్ల ఎండబోసిన ఉప్పు తడుస్తదని చాట పట్టుకొని ఉరికొచ్చింది. మీ ఉప్పును గిట్ల కడిగి ఎండబోస్తరమ్మా, రాసుకోరాదు అన్న. యాదికున్నదా?"

రాళ్లవాన గుర్తుంది ప్రమోదినికి. చూరు మీద టపటపమన్న చప్పుడు గుర్తుంది. ఫారాలు తడవకుండా కడుపుకు అదుముకున్న సంగతీ గుర్తుంది. మిగిలింది లేదు.

"నేనేమన్న?"

"అది ఫారంల లేదు చంద్రవ్వా, అడిగినదానికే జవాబు చెప్పించు అన్నవు."

"నేనట్ల అనలే."

"అన్నవు. అని, మల్ల ఏమనుకున్నవో, పెన్సిల్‌తోని పుస్తకం అంచుకు ఏదో గీకినవు గూడ. నాకు సదువు రాదు గని కండ్లున్నయి."

ప్రమోదిని అప్పుడు కూర్చుంది. అరుగు మీద, మక్కబొచ్చు మీదే కూర్చుంది.

చంద్రవ్వ కోడలు బాలలక్ష్మి నీళ్ల చెంబు తెచ్చి నిలబడింది. ఐదో నెల. భర్త మస్కట్‌లో ఉన్నాడు. ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని ఐదేళ్ల పిల్ల. ఆ పిల్లకు మాట రాలేదు, వినపడదు. పిలవాలంటే భుజం తట్టాలి. కడుపుతో ఉన్న తల్లికి అయోడిన్ అందకపోతే పుట్టిన బిడ్డకు అలా కావచ్చని మొదటేడు ఈ వాకిట్లోనే బొమ్మలు చూపించి చెప్పింది ప్రమోదిని. ఆ పిల్ల కేంద్రం ఉప్పు రాకముందు పుట్టింది. కడుపులో ఉన్నది మాత్రం తర్వాతిది.

మందు గల్లు మీదే ఉంటుందని, కడిగితే నీళ్లతో పోతుందని ప్రమోదిని నెమ్మదిగా చెప్పింది. బాలలక్ష్మి చెంబు కింద పెట్టింది.

"అంటె మూడేండ్ల సంది నా చేతులార నేనే పారబోసిన్నా?" అంది. అత్త ముందు ఎప్పుడూ నోరెత్తని మనిషి.

"నీది తప్పు కాదు బాలలక్ష్మీ. కడగద్దని మేం చెప్పలే."

"ఇప్పటి సంది కడుగ."

"ఉప్పు వస్తె గద నువ్వు కడుగకుంట తినేది?" అంది చంద్రవ్వ. "అమ్మ మొకం చూస్తె తెలుస్తలేదా? ఇంకేదో ఉన్నది. చెప్పమ్మా, ఏందది?"

ప్రమోదిని చెప్పింది. కమిటీ, జనవరి, ఉప్పు బంద్. పశువులకు పెట్టారని రాసిన వాక్యం కూడా దాచలేదు.

"ఎద్దులకు పెట్టినమా?" చంద్రవ్వ నవ్వింది. చూడడానికి బాగాలేని నవ్వు. "మూడేండ్ల కాలం ఎండగొట్టి ఉన్న ఎద్దులు అమ్ముకుంటిమి. పెడదమంటె ఎద్దులెక్కడియి? గంత పెద్ద ఆఫీసుల గది ఎవరికీ తెల్వదా? నలభై రెండు ప్రశ్నలు అడిగిండ్రు గద దొర్సానీ, మా చేతుల ముచ్చట ఒక్కటన్న అడిగిండ్రా?"

దొరసాని అని పిలవద్దని ప్రమోదిని మొదటి రోజే చెప్పింది. మూడేళ్లు చంద్రవ్వ ఆ మాట నిలబెట్టుకుంది. ఇవాళ నిలబెట్టుకోలేదు. ప్రమోదిని కూడా వద్దనలేదు.

"నాతోని హైదరాబాద్ వస్తవా? కమిటీల నువ్వు చెప్పు."

"నేనేం చెప్త? నా మాట నీ ఫారంలనే పట్టలే, వాండ్ల ఫారంల పడుతదా?"

ఆ రాత్రి ప్రమోదిని అక్కడే పడుకుంది. ఆదివారం పొద్దున బండి ఎక్కుతుంటే చంద్రవ్వ వచ్చి, పాతచీర పీలికల్లో కట్టిన రెండు చిన్న మూటలు ఒడిలో పెట్టింది.

"ఎర్ర పీలికల కడిగింది. తెల్ల పీలికల కడగంది. నీ నీలం చుక్క వాండ్ల ముందట్నే ఏసి చూపెట్టు. నా మాట నమ్మకున్నా గిది నమ్ముతరేమో."

బండి కదిలాక కూడా వెనక నడుస్తూ ఇంకో మాట అంది. "నీ పుస్తకం గూడ తీసి చూడు అమ్మా. నేను అబద్ధం ఆడిన్నా, లేదా."

* * *

సోమవారం పది గంటలకే ప్రమోదిని ఆఫీసుకు వచ్చి బీరువా తెరిచింది. 1984 నాటి ఊళ్ల నోటు పుస్తకాలు కింది అరలో, దుమ్ములో ఉన్నాయి. రాళ్లవాన పడ్డ ఏప్రిల్ నెలది ఏడో నంబరు పుస్తకం. తీసేముందు ఒక్క క్షణం ఆగింది. చంద్రవ్వ మాట నిజమైతే ఆ ఏడు ఊళ్ల మీద పడ్డ నింద పోతుంది, తన మీద పడుతుంది. నిజం కాకపోతే తాను బతికిపోతుంది. ఏది కావాలని ఉందో తనకే తెలియకుండా పేజీలు తిప్పింది.

పదకొండో తారీఖు. కొండల్ ఇల్లు. ఏడుగురు మనుషులు, నెలకు నాలుగు కిలోలు. పక్కన అంచులో పెన్సిల్ రాత. తనదే. వాన చినుకు పడి ఒక అక్షరం చెదిరింది. "చంద్రవ్వ: ఉప్పు కడిగి వాడతారట. ఫారంలో లేదు."

అంతే. ఒకే వరుసలో రాసి, పేజీ తిప్పేసింది. మూడేళ్లు తిప్పిన పేజీ తిప్పినట్టే ఉంది.

ఆ పేజీ కిందనే ఎర్ర పెన్సిల్‌తో పెద్ద టిక్కు, పక్కన పొడి అక్షరాలు: దా.రా.

"ఎక్కడికి పోయినవు ప్రమోదినీ?" తలుపులో దామోదర్‌రావు గారు నిలబడి ఉన్నారు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా. "శనివారం తొమ్మిదింటికి మీ ఇంటికి డ్రైవర్ హనుమండ్లును జీపిచ్చి పంపిన. మీ అత్తగారేమో ఉప్పు గురించి పోయింది అన్నదట."

"సార్, కారణం దొరికింది. వాళ్లు పశువులకు పెట్టలే, అమ్ముకోలే. తిన్నరు. కానీ కడుక్కొని తిన్నరు. మందంత నీళ్లల్ల పోయింది. కడగద్దని ఒక్క మాట చెప్తే చాలు, ఒక్క ఏడాది గడువు ఇప్పించుండ్రి. ఆ చివరి పేజీ మారుద్దాం."

ఆయన లోపలికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"నివేదిక పోయింది."

"ఎక్కడికి?"

"హైదరాబాద్‌కు. శనివారం పొద్దున ఫోను వచ్చింది. సభ్యులందరికీ ముందే పంచాలె, ఇవ్వాళే కావాలె అన్నరు. నువ్వు ఊళ్ల లేవు. నీ ఫైలు నీ దగ్గరుంటే ఉండనీ, నా కాపీ నా దగ్గర లేదా? అదే పంపిన."

"నా సంతకం లేకుండ ఎట్ల తీసుకున్నరు సార్?"

దామోదర్‌రావు గారు కైలాసం ఉండే వరండా వైపు చూశారు. గోడకు ఆనించి, నిలబడి పెట్టిన రెండు సంతకాలు ప్రమోదిని కళ్ల ముందుకు వచ్చాయి.

"'నివేదికలోని నిర్ణయాలతో ఏకీభవిస్తున్నాను.' ఒక్క వాక్యమే టైపు చేయించిన" అన్నారాయన. ఆ గొంతులో కపటం లేదు. డీజిలు కాగితం పంపినంత మామూలుగా ఉంది. "ఈ పద్ధతి నేను పెట్టింది కాదు. పదేండ్లల్ల ఒక్కసారన్న వద్దన్నవా?"

ప్రమోదిని నోటు పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. పెన్సిల్ రాత మీద వేలు పెట్టింది. తర్వాత ఆ వేలును కిందికి, ఎర్ర టిక్కు మీదికి జరిపింది.

ఆయన చూసి, అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"నెలకు రెండు వందల పేజీల మీద పెడ్తా ఈ టిక్కు. చదివి పెడ్తా అనుకుంటున్నవా?"

"నేను రాసి మరిచిపోయిన సార్. మీరు చదవకుండ టిక్కు పెట్టిండ్రు. తప్పు మనిద్దరిది. ఊరోళ్లది కాదు."

"కూర్చో." ఆయన గొంతు తగ్గింది. "ఊరోళ్ల మీద పెడితే ఎవరి కొలువు పోదు ప్రమోదినీ. వాళ్లు చదవరు, జవాబు రాయరు. మన మీద పెట్టుకుంటే వచ్చే ఏడు ఈ కేంద్రమే ఉండదు. పద్దెనిమిది మంది పని చేస్తున్నరు ఇక్కడ. ఈ పేజీ చూపెడితే కమిటీ మొదట ఏమడుగుతది? ఈ చేతిరాత ఎవరిది అని. హైదరాబాద్ పోస్టుకు నీ పేరు రాసి పంపిన నేను. ఆ కాగితం కూడ ఆ బల్ల మీదనే ఉంటది రేపు."

కిటికీ బయట రిక్షా బెల్లు మోగింది. ప్రమోదినికి ఆ పోస్టు కావాలి. కావాలని లేదంటే అబద్ధం. ఆరేళ్లుగా ఎదురుచూస్తున్న కుర్చీ అది. ఆమె బాలలక్ష్మి గురించి చెబుదామనుకుంది. ఆ పిల్ల గురించి, భుజం తట్టి పిలవడం గురించి. ఆయన కాదనరు, అయ్యో అంటారు, తల ఊపుతారు. మూడేళ్లుగా ఈ గదిలో ఎన్ని తలలు ఊగలేదు!

"నా కొలువు ఉంటది సార్. ఉప్పు పోతది" అంది. నోటు పుస్తకం మూసి సర్వే సంచిలో పెట్టుకుంది.

"అది ఆఫీసు పుస్తకం. బయటికి తీసుకపోవద్దు."

"పన్నెండింటికి హైదరాబాద్ బస్సున్నది సార్. రేపు సాయంత్రం తెచ్చి మీ బల్ల మీద పెడ్త."

"ప్రమోదినీ. గేటు దాటితే దొంగతనం కింద రాయవలసి వస్తది."

ఆమె గది దాటింది. వరండా దాటి మెట్లు దిగింది. వెనకనుంచి, పై కిటికీలోంచి ఆయన గొంతు వినిపించింది. అరుపు కాదు. ఆయన ఎప్పుడూ అరవరు.

"కైలాసం, మేడం సంచి చూసి పంపు."

గేటు దగ్గర కైలాసం స్టూలు మీంచి లేచాడు. రిటైరుకు ఏడాది లేదు మనిషికి. ప్రమోదిని కళ్లలోకి చూడలేక సంచిని చూశాడు.

"శనివారం సారు అడిగితె ఆ తెల్లకాగితాలు నేనే తీసిచ్చిన మేడం" అన్నాడు నోట్లోనే. "ఏం టైపు కొట్టిండ్రో తెల్వదు. పిల్లల మీద ఒట్టు."

"తెలుసు కైలాసం."

"సంచి చూపెట్టుండ్రి మేడం. సారు చూస్తుండు."

ఆమె సంచి తెరిచి పట్టుకుంది. కైలాసం చెయ్యి లోపలికి పోయింది. ఎర్ర పీలిక మూట పక్కకు జరిగింది. తెల్ల పీలిక మూట జరిగింది. వాటి కింద నోటు పుస్తకం అట్ట అంచు మీద అతని వేళ్లు ఆగాయి.

"ఇందుల ఏమున్నది మేడం?" అన్నాడు, కిటికీకి వినపడేలా.

"ఉప్పు" అంది ప్రమోదిని.

కైలాసం చెయ్యి బయటికి రాలేదు. పైన కిటికీ రెక్క ఇంకొంచెం తెరుచుకుంది.

"ఏమున్నది కైలాసం?"

కైలాసం తలెత్తి పైకి చూశాడు. వేళ్లు పుస్తకం మీదే ఉన్నాయి. నోరు తెరిచాడు.

(సశేషం)